పాత యంత్రమునకు క్రొత్త జ్ఞాపకము

వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరచినారనుకొందము. కర్నూలులోనో కడపలోనో ఒక ప్రయోగశాల. బల్లమీద 8085 శిక్షణ పేటిక, అనగా విద్యార్థులు కిట్టు అని పిలుచు చిన్న కంప్యూటరు, ఉన్నది. ఒక విద్యార్థి మీటలు నొక్కి రెండు సంఖ్యలను కూడు కార్యక్రమమును అందులో ఎక్కించెను. జవాబు సరిగా వచ్చినది. భోజనము చేసి వచ్చి మరల నడిపించగా జవాబు తప్పు. ఎక్కించిన అంకెలను ఒక్కొక్కటిగా చూడగా రెండు చోట్ల అంకెలు మారియున్నవి. మెమరీ చిప్పు చెడిపోయినదని పెద్దలు తేల్చిరి. పాత చిప్పుమీద 6264 అని సంఖ్య కలదు. అంగడిలో అది లేదు. దానికంటె నాలుగు రెట్లు పెద్దదైన 62256 దొరకినది. దానికిని కాళ్లు 28, దీనికిని కాళ్లు 28. సాకెట్టులో చక్కగా కూర్చున్నది. ఆ పూట పని చేసినది. మరునాడు పంకా వేయగానే కార్యక్రమము మాయమై, పంకా ఆపగానే మరల ప్రత్యక్షమైనది!

క్రొత్త చిప్పు చెడ్డదా? కాదు. అమ్మినవాడు మోసగించెనా? అదియు కాదు. ఎన్నికలో పొరపాటు జరిగినది. ఆ పొరపాటు ఎట్టిదో తెలియవలెనన్న మెమరీ చిప్పు పనిచేయు తీరును, దానిని ఎన్నుకొను విధమును కొంత తెలిసికొనవలెను.

పాత యంత్రములు ఎక్కడ ఉన్నవి?

ఇంటెల్ సంస్థ 8085 ప్రాసెసరును 1976లో విడుదల చేసినది. నేటి కంప్యూటర్లతో పోల్చిన అది ఎంతో చిన్నది. అయినను కంప్యూటరు లోపల ఏమి జరుగుచున్నదో కంటికి కట్టినట్లు చూపుటకు అంతకంటె అనువైనది అరుదు. అందుచేతనే ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యాలయములలో దాని కిట్టులు దశాబ్దములుగా వాడబడుచున్నవి.

కర్మాగారముల సంగతియు ఇట్టిదే. కడప జిల్లాలో ఎర్రగుంట్ల ప్రాంతమున సున్నపురాతి నేలలమీద సిమెంటు పరిశ్రమ పెరిగినది. ముద్దనూరు సమీపమున రాయలసీమ తాప విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్టు, 210 మెగావాట్లది, 1994లో పనికి వచ్చినది. ప్రపంచమంతటను ఆ కాలపు కర్మాగారములలో యంత్రములను వరుసగా నడిపించు పని పి.ఎల్.సి. అను నియంత్రణ పెట్టెలకు అప్పగింపబడెను. ఏ మోటారు ముందు తిరుగవలెను, ఏ కవాటము తరువాత తెరచుకొనవలెను అను ఆజ్ఞలన్నియు, అట్టి పెట్టెలు పెక్కింటిలో, బ్యాటరీ అండగా ఉన్న స్టాటిక్ మెమరీలో నిలిచియుండును. సీమెన్స్ సంస్థవారి ఎస్-5 శ్రేణి ఇందుకు ఒక ఉదాహరణము. అట్టి పెట్టెలోని చిన్న చిప్పు మరచిపోయిన, లక్షల విలువగల యంత్రము దారి తెలియని ఎద్దువలె నిలిచిపోవును. కొన్ని వందల రూపాయల చిప్పును సరిగా ఎన్నుకొనుట తెలిసినవాడు ఆ యంత్రమును మరికొన్ని యేండ్లు నడిపింపగలడు.

చలివేంద్రపు కుండ, తలుపు గడియ

కంప్యూటరు జ్ఞాపకములో 0, 1 అను రెండే అంకెలు కలవు. ఈ ఒక్కొక్క అంకెకు బిట్టు అని పేరు. ఎనిమిది బిట్టులు కలిసిన ఒక బైటు. బిట్టును నిలుపుటకు రెండు ముఖ్యమైన మార్గములు కలవు.

మొదటిది డైనమిక్ మెమరీ. ఇందులో ఒక్కొక్క బిట్టుకు అతి చిన్న కెపాసిటరు ఒకటి ఉండును. అందులో విద్యుదావేశము ఉన్న 1, లేకున్న 0. కాని ఆ ఆవేశము నిలువదు, కారిపోవుచుండును. ఎండకాలమున చలివేంద్రములోని కుండ చెమర్చి ఖాళీ అగుచుండగా కాపరి మాటిమాటికి నీరు పోయుచుండును గదా! అట్లే డైనమిక్ మెమరీలోని ప్రతి గదిని మరల మరల నింపుచుండవలెను. పాత చిప్పులలో ప్రతి 2 మిల్లీ సెకండ్లకు ఒకమారు, తరువాతి వాటిలో సామాన్యముగా 64 మిల్లీ సెకండ్లకు ఒకమారు ఈ పని జరుగవలెను. కాపరి ఒక్క క్షణము కునికిన కుండ ఖాళీ.

రెండవది స్టాటిక్ మెమరీ. ఇది కుండ కాదు, తలుపు గడియ వంటిది. గడియ వేసిన వేసినట్లే, తీసిన తీసినట్లే ఉండును. ఎవరైన కదిలించువరకు మారదు. దీని మూలసూత్రము నూరేండ్ల నాటిది. 1918లో ఎకల్స్, జోర్డాన్ అను ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు రెండు వాల్వులను ఒకదాని కొకటి ముడివేసి, రెండు స్థితులలో ఏదో ఒకదానియందే నిలిచియుండు వలయమును నిర్మించిరి. మొదటి వాల్వు పనిచేయుచున్న రెండవదానిని ఆపును. రెండవది ఆగియున్నందున మొదటిది పనిచేయుచునే యుండును. ఒకరి నొకరు పట్టుకొని నిలుచున్న ఇద్దరివలె అవి ఆ స్థితిని కాపాడుకొనును. బయటినుండి ఒక తోపు తగిలినపుడు మాత్రమే స్థితి తారుమారగును.

నేటి స్టాటిక్ మెమరీలో వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లు వచ్చినవి. నాలుగు ట్రాన్సిస్టర్లు ఒకదానినొకటి పట్టుకొనియుండగా, మరి రెండు తలుపులవలె పనిచేసి అంకెను లోనికి, వెలుపలికి పోనిచ్చును. మొత్తము ఆరు. పాత చిప్పులు కొన్నింటిలో రెండు ట్రాన్సిస్టర్లకు బదులు నిరోధకములను వాడిరి. డైనమిక్ మెమరీకి బిట్టుకు ఒక్క ట్రాన్సిస్టరు, ఒక్క కెపాసిటరు చాలును గనుక అది చౌక. స్టాటిక్ మెమరీ ఖరీదైనదే కాని కాపరి అక్కరలేదు. చిన్న యంత్రములకు అదియే సులభము. పైగా కదలించనప్పుడు కొన్ని రకములకు అత్యల్పమైన విద్యుత్తు చాలును. చిన్న బ్యాటరీ కూడ దానిని యేండ్ల తరబడి నిలుపగలుగుట ఇందువలననే.

ఒక్క సంగతి మరువరాదు. గడియ అనినంతమాత్రమున విద్యుత్తు లేకున్నను నిలుచునని భావింపరాదు. విద్యుత్తు పూర్తిగా ఆగిన స్టాటిక్ మెమరీ కూడ మరచిపోవును. అంతకు పూర్వపు తరపు కంప్యూటర్లలో సన్నని తీగలకు గ్రుచ్చిన ఫెర్రైటు వలయములు ఉండెడివి. అయస్కాంతత్వమే వాటి జ్ఞాపకము గనుక విద్యుత్తు పోయినను అవి మరువవు. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును వెలువరించినది ఆ తరములోనే. ట్రాన్సిస్టరు చిప్పులు వచ్చిన పిదప వేగము పెరిగినది, పరిమాణము తగ్గినది. కాని బ్యాటరీ అవసరము క్రొత్తగా వచ్చి చేరినది.

సంఖ్యను చదువుట

1969లో ఇంటెల్ వారి 1101 అను స్టాటిక్ చిప్పులో 256 బిట్టులు మాత్రమే పట్టెను. 1972లో వచ్చిన 2102లో 1,024 బిట్టులు. తరువాత వచ్చిన 2114లో 4,096 బిట్టులు. ఇది ఒక్కమారు నాలుగు బిట్టులనే ఇచ్చును గనుక బైటుకు రెండు చిప్పులు కావలెను. ఆపైన వచ్చిన 6116 నుండి ఎనిమిది బిట్టులు ఒక్కమారే వచ్చు చిప్పులు వాడుకలో స్థిరపడినవి.

6116లో 2,048 బైటులు, 24 కాళ్లు. 6264లో 8,192 బైటులు, 28 కాళ్లు. 62256లో 32,768 బైటులు, 28 కాళ్లు. చివరి అంకెలలోనే కిటుకు ఉన్నది: 16, 64, 256 అనునవి కిలోబిట్టుల లెక్క. ఎనిమిదిచే భాగించిన కిలోబైటులు వచ్చును: 2, 8, 32.

ప్రతి బైటుకు ఒక విలాసము ఉండవలెను. ఒక విలాసపు తీగ ఉన్న రెండు గదులను, రెండు తీగలున్న నాలుగింటిని, మూడున్న ఎనిమిదింటిని గుర్తింపవచ్చును. ఈ లెక్కన 8,192 గదులకు 13 తీగలు, 32,768 గదులకు 15 తీగలు కావలెను. ఈ రెండు తీగల తేడాయే మొదట చెప్పిన కథలోని చిక్కునకు మూలము.

ఒకే సాకెట్టు, వేరు అర్థములు

రెండు చిప్పులకును 28 కాళ్లే అయినపుడు 62256నకు అదనముగా కావలసిన రెండు విలాసపు కాళ్లు ఎక్కడినుండి వచ్చినవి? 6264లో 1వ కాలు దేనికిని కలుపబడదు. 26వ కాలు చిప్పును మేలుకొలుపు రెండవ మీట; అది ఉన్నత వోల్టేజిలో ఉన్నప్పుడే చిప్పు పలుకును. 62256లో ఈ రెండు కాళ్లనే విలాసపు తీగలుగా మార్చినారు. 26వ కాలు పదునాల్గవ తీగ, 1వ కాలు పదునైదవ తీగ.

ఇప్పుడు 6264 కొరకు చేసిన సాకెట్టులో 62256ను పెట్టినప్పుడు జరుగునది చూడుడు. అనేక పలకలలో 26వ కాలు 5 వోల్టులకు కలిపియుండును. అందుచే పదునాల్గవ తీగ ఎల్లప్పుడు 1గా ఉండును. దానివలన నష్టము లేదు. కాని 1వ కాలికి పలకమీద ఏ తీగయు లేదు. అది గాలిలో వేలాడుచున్నది. వేలాడు కాలు 0 అనియు చెప్పదు, 1 అనియు చెప్పదు. దగ్గరకు వచ్చిన చేతికి, పంకా మోటారు వలన పుట్టిన విద్యుత్ అలజడికి ఇటు అటు ఊగును. అది 0గా ఉన్నపుడు వ్రాసినది చిప్పులో ఒక సగమున చేరును. 1గా మారినపుడు చదువబోయిన రెండవ సగము ఎదురగును. అంకెలు పోలేదు, ప్రక్క ఇంటిలో ఉన్నవి. తలుపు తట్టినది వేరొక ఇంటిది.

దీనికి మందు సులభము. 1వ కాలిని భూతలమునకు, అనగా 14వ కాలికి, ఒక చిన్న తీగతో కలిపిన చాలును. ఊగిసలాట ఆగిపోవును. చిప్పులో నాల్గవ వంతు మాత్రమే పనికి వచ్చును, మిగిలినది వృథా. వృథా అయినను హాని లేదు.

కాని బ్యాటరీ అండగల యంత్రములలో మరియొక చిక్కు కలదు. కొన్ని పలకలలో 26వ కాలు 5 వోల్టులకు గాక, విద్యుత్తు పోవుటను కనిపెట్టు వలయమునకు కలుపబడి యుండును. విద్యుత్తు తగ్గగానే ఆ వలయము 26వ కాలిని క్రిందికి లాగి 6264ను నిద్రపుచ్చును. 62256 ఆ సైగను నిద్రకు ఆజ్ఞగా గ్రహింపదు. విలాసము మారినదని మాత్రమే భావించును. మేలుకొనియున్న చిప్పు బ్యాటరీని త్రాగివేయును. మేలుకొన్న చిప్పు 5 మిల్లీ ఆంపియర్లు తీసికొనుననుకొన్న, 220 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీ 44 గంటలలో అయిపోవును. శుక్రవారము సాయంత్రము ఆపిన యంత్రము సోమవారము ఉదయమునకు సమస్తము మరచిపోవును. పైగా విద్యుత్తు పడిపోవు క్షణమున అడ్డదిడ్డపు వ్రాతలు చిప్పులోనికి చొరబడవచ్చును. కనుక ఇట్టి చోట మరల 6264నే వెదకి పెట్టుట మేలు. సాకెట్టులో పట్టినంత మాత్రమున చిప్పు సరిపోయినట్లు కాదు.

ఎంత వేగము కావలెను?

చిప్పు పేరు చివర 70, 100, 150 వంటి అంకె ఒకటి ఉండును. విలాసము అందిన తరువాత ఎన్ని నానోసెకండ్లలో జవాబు సిద్ధమగునో అది చెప్పును. నానోసెకండు అనగా సెకండులో నూరుకోట్లవ వంతు. అంకె తగ్గినకొలది చిప్పు వేగమైనది. కొన్ని సంస్థలు 70కి బదులు 7 అని, 100కు బదులు 10 అని కురుచగా వ్రాయుటయు కలదు గనుక జాగ్రత్తగా చదువవలెను.

8085నకు ఎంత వేగము కావలెనో లెక్క వేయుదము. గడియార స్పందనము 320 నానోసెకండ్లుగా ఉన్నపుడు, విలాసము చెప్పినది మొదలు 575 నానోసెకండ్లలోగా జవాబు అందవలెనని ఆ ప్రాసెసరు నియమము. ఆ మధ్యలో విలాసమును పట్టి ఉంచు చిప్పుకు 30, ఏ మెమరీ చిప్పును పిలువవలెనో తేల్చు చిప్పుకు 40, దారిలోని మరియొక చిప్పుకు 20 పోయినవనుకొందము. మొత్తము 90. మిగిలినది 485 నానోసెకండ్లు. అనగా 450 నానోసెకండ్ల పాత చిప్పు కూడ సరిపోవును. 150 ఉన్న ధారాళము. 70 దొరకిన మరింత నిశ్చింత.

అట్లయిన ఎంత వేగమైనది అంత మంచిదా? ఈ భ్రమ చాలమందికి కలదు. 1990ల కంప్యూటర్లలో ప్రాసెసరు ప్రక్కన 15, 20 నానోసెకండ్ల స్టాటిక్ చిప్పులు ఉండెడివి. పాత పలకలనుండి ఊడదీసిన అట్టివి చౌకగా దొరకును. కాని వాటిలో పెక్కు పనిచేయునపుడు నూరు మిల్లీ ఆంపియర్ల వరకును, అంతకు మించియు తీసికొనును. ఊరక ఉన్నపుడును వాటి ఆకలి చిన్న బ్యాటరీకి ఎక్కువే. బ్యాటరీకి అవి పనికిరావు. వాటి అంకెలు 0 నుండి 1కి అతి నిటారుగా ఎగురును గనుక, పాత పలకల పొడవైన తీగలలో అలజడి పుట్టును. ఇక వాటి వెడల్పు సామాన్యముగా 0.3 అంగుళము, పాత 62256 సాకెట్టు వెడల్పు 0.6 అంగుళము. బండికి పందెపు గుఱ్ఱమును కట్టుట వంటి పని అది.

వోల్టులు

పాత యంత్రములన్నియు దాదాపుగా 5 వోల్టులవి. ఇటీవలి మెమరీ చిప్పులు పెక్కు 3.3 వోల్టులవి. 3.3 వోల్టుల చిప్పును 5 వోల్టుల సాకెట్టులో పెట్టిన అది కాలిపోవచ్చును. కొన్ని క్రొత్త చిప్పులు 2.7 నుండి 5.5 వోల్టుల వరకు ఎక్కడనైన పనిచేయునట్లు చేయబడినవి; అవి పాత యంత్రమునకు ఎంతో అనుకూలము. తయారుచేసినవారు ప్రకటించు వివరణ పత్రములో మొదట చూడవలసినది ఈ వోల్టుల వరుసయే.

రాయలసీమ ఎండ లెక్క

ఇప్పటివరకు చెప్పినది ఎక్కడనైన ఒక్కటియే. ఇక చెప్పబోవునది కర్నూలు, కడప వంటి తావులకు ప్రత్యేకము.

నాణెము ఆకారపు 3 వోల్టుల లిథియము బ్యాటరీ (సి.ఆర్. 2032)లో సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటల శక్తి కలదు. నిద్రలో నున్న మంచి స్టాటిక్ చిప్పుకు 2 వోల్టులు చాలును. అది 25 డిగ్రీల వేడిలో 2 మైక్రో ఆంపియర్లు తీసికొనుననుకొందము. 220 మిల్లీ ఆంపియరు గంటలను 2 మైక్రో ఆంపియర్లచే భాగించిన 1,10,000 గంటలు. అనగా పన్నెండు సంవత్సరములకు పైన. ఇది కాగితముమీది లెక్క.

కాని అర్ధవాహకములలో కారిపోవు విద్యుత్తు వేడితోపాటు పెరుగును. స్థూలముగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపగునని లెక్క వేయుదురు. కర్నూలులో వేసవి పగలు నీడలోనే 40 డిగ్రీలు దాటుట సాధారణము. రేకుల కప్పు క్రింద, మూసిన ఇనుప పెట్టెలో 55 డిగ్రీలు ఉన్నదనుకొనుడు. 25 నుండి 55కు మూడుమార్లు రెట్టింపు. అనగా ఎనిమిది రెట్లు. 2 మైక్రో ఆంపియర్లు 16 అయినవి. ఎడతెగక ఆ వేడియే ఉన్న పన్నెండేండ్ల బ్యాటరీ 13,750 గంటలకు, అనగా సుమారు ఒక సంవత్సరము ఏడు నెలలకు దిగివచ్చును. రాత్రి చల్లదనము, చలికాలము ఉన్నవి గనుక వాస్తవములో ఇంతకంటె మేలే జరుగును. అయినను చల్లని దేశమున వ్రాసిన పదేండ్ల హామీని ఇక్కడ నమ్ముకొని కూర్చుండరాదు.

అసలే తక్కువ విద్యుత్తు రకము కాని చిప్పును పెట్టిన ఏమగును? అది నిద్రలో 50 మైక్రో ఆంపియర్లు తీసికొనుననుకొన్న 25 డిగ్రీలలోనే 4,400 గంటలు. అనగా ఆరు నెలలు. వేసవిలో అంతయు లేదు. ఈ తేడాను తెలుపుటకే పెక్కు తయారీదారులు చిప్పు పేరులో ఎల్, ఎల్.ఎల్. వంటి అక్షరములు వాడిరి. ఎల్. అనిన తక్కువ విద్యుత్తు, ఎల్.ఎల్. అనిన మరింత తక్కువ. ఈ ఒక్క అక్షరమును విస్మరించి చిప్పును కొన్నవాడు బ్యాటరీలు మార్చుచునే యుండవలెను. మునుపటి 2114 వంటి రకములు 5 వోల్టులవద్ద పదుల మిల్లీ ఆంపియర్లు తీసికొనును గనుక వాటికి చిన్న బ్యాటరీ ఆలోచనయే పనికిరాదు.

చిప్పు ఎంత వేడిని ఓర్వగలదన్నది వేరు ప్రశ్న. సాధారణ రకము 0 నుండి 70 డిగ్రీల వరకు, పారిశ్రామిక రకము సున్నకు క్రింద 40 నుండి 85 డిగ్రీల వరకు పనిచేయునని హామీ ఇత్తురు. ప్రయోగశాల బల్లమీది కిట్టుకు మొదటిది చాలును. బట్టీ ప్రక్కన గోడకు తగిలించిన పెట్టెకు రెండవదే తగినది.

బ్యాటరీ అక్కరలేని ప్రత్యామ్నాయములు

బ్యాటరీ బెడద వలదనుకొనువారికి రెండు మార్గములు కలవు. ఒకటి, లిథియము బ్యాటరీని చిప్పు లోపలనే పోతపోసిన రకము. డి.ఎస్. 1225 అనునది ఇట్టిది. 8,192 బైటులు, 28 కాళ్లు. విద్యుత్తు తగ్గగానే తనంతట తానే వ్రాతకు తలుపు మూసికొనును. కాని లోపలి బ్యాటరీ అయిపోయిన మార్చుటకు వీలులేదు. మొత్తము చిప్పునే మార్చవలెను. పాతసరుకు కొన్నచో దాని ఆయువులో కొంత అంగడి అరలోనే గడచిపోయి యుండును.

రెండవది ఫెర్రో విద్యుత్ మెమరీ. ఎఫ్.ఎమ్. 1608 అనునది ఈ జాతిలోని 8,192 బైటుల చిప్పు. దీనికి బ్యాటరీయే లేదు; విద్యుత్తు లేకున్నను మరువదు. అయితే దీని మర్యాద వేరు. స్టాటిక్ చిప్పును మేలుకొలిపి ఉంచి విలాసమును మాత్రము మార్చుచుండిన చాలును, జవాబులు వచ్చుచుండును. ఫెర్రో విద్యుత్ చిప్పును ప్రతి విలాసమునకు ముందు మరల నిద్రపుచ్చి మరల లేపవలెను. లేపిన క్షణమున ఉన్న విలాసమునే అది గ్రహించును. మేలుకొలుపు కాలిని ఎల్లప్పుడు భూతలమునకు కట్టివేసిన పలకలలో ఇది పనిచేయదు. ముందుగా పలక చిత్రపటమును చూడక దీనిని కొనరాదు.

చిప్పునే నిందింపరాదు

అంకెలు మారినవనగానే చిప్పును ఊడదీయుట తొందరపాటు. మొదట బ్యాటరీ వోల్టేజిని మీటరుతో కొలువవలెను. పాత పలకలమీది నికెల్-కాడ్మియము బ్యాటరీలు కాలక్రమమున కారి, ఆ క్షారము చుట్టునున్న రాగి తీగలను తినివేయును. పచ్చని చిలుము కనబడిన అదియే గురుతు. తరువాత సాకెట్టును చూడవలెను. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతముల గాలిలో రాతి ధూళి ఎక్కువ. కాళ్లకు, సాకెట్టుకు నడుమ ధూళి చేరిన సంబంధము తెగుచు కలియుచు నుండును. విద్యుత్తు ఆపి, చిప్పును మెల్లగా తీసి, శుభ్రపరచి, మరల అమర్చిన పెక్కు రోగములు మందు లేకుండగనే కుదురును.

పొడిగాలి మరియొక శత్రువు. తేమలేని దినములలో మనుష్యుని శరీరముమీద స్థిర విద్యుత్తు వేల వోల్టుల వరకు పేరుకొనును. కృత్రిమ నూలు చొక్కా తీయునపుడు వినబడు చిటపట అదియే. ఆ చేతితో తాకిన చిప్పు కంటికి కనబడని గాయము పొందవచ్చును. భూమికి కలిపిన లోహమును ముందుగా తాకి, ఆ పిదప చిప్పును పట్టవలెను.

251తో పరీక్ష

మార్కెట్టులో పాత చిప్పుల పై పేరును గీకి, క్రొత్త పేరు ముద్రించి అమ్ముటయు కలదు. 8 కిలోబైటుల చిప్పు 32 అని చెప్పుకొనవచ్చును. కొన్నదానిని పరీక్షించుట విద్యార్థులే చేయదగిన ప్రయోగము. పరీక్షించు కార్యక్రమము మాత్రము వేరొక చిప్పులో ఉండవలెను.

ముందు ప్రతి గదిలో 01010101 వ్రాసి చదువుడు. తరువాత 10101010 వ్రాసి చదువుడు. ఇది ఒక్కొక్క బిట్టు 0ను, 1ని రెండింటిని పట్టుచున్నదా అని చూచుట. కాని విలాసపు దోషమును ఇది పట్టుకొనలేదు. అన్ని గదులలో ఒకే అంకె ఉన్నపుడు ఏ ఇంటి తలుపు తట్టినను ఒకే జవాబు వచ్చును గదా!

కనుక రెండవ పరీక్షగా 0, 1, 2 అని వరుసగా 250 వరకు వ్రాసి, మరల 0 నుండి మొదలుపెట్టి, చిప్పు నిండువరకు వ్రాయుడు. అంతయు వ్రాసిన పిదపనే మొదటినుండి చదివి సరిచూడుడు. 251 ఎందులకు? విలాసపు తీగ ఒకటి పనిచేయనిచో రెండు గదులు ఒకటిగా కలిసిపోవును. అట్టి గదుల నడుమ దూరము 1, 2, 4, 8 మొదలుకొని 8,192, 16,384 వరకు, ఎప్పుడును రెండు యొక్క ఘాతమే. 251 బేసి ప్రధాన సంఖ్య; రెండు యొక్క ఏ ఘాతమును అది నిశ్శేషముగా భాగింపదు. కావున కలిసిపోయిన రెండు గదులకు రావలసిన అంకెలు ఎన్నటికిని ఒకటి కావు. దోషము బయటపడి తీరును. 251కి బదులు 256 వరకు లెక్కించి ఉన్నచో, 256, 512, 8,192 దూరపు దోషములన్నియు దాగిపోవును. గణితము తరగతిలో ప్రధాన సంఖ్యలు దేనికని అడుగు విద్యార్థికి ఇది మంచి జవాబు.

మూడవది నిద్ర పరీక్ష. రెండవ పరీక్షలోని అంకెలను చిప్పులో ఉంచి, బ్యాటరీమీద ఒక దినమంతయు, వీలైన వేసవి మధ్యాహ్నము కూడ గడచునట్లు ఉంచి, మరల చదువవలెను. మూడింటిలోను నెగ్గిన చిప్పును నమ్మవచ్చును.

కర్మాగారపు పెట్టె విషయమున అన్నింటికంటె ముందు చేయవలసినది మరియొకటి కలదు: యంత్రము బాగుగా ఉన్న దినముననే లోపలి కార్యక్రమమునకు నకలు తీసి భద్రపరచుట. బ్యాటరీ మార్చునపుడు కూడ, తయారీదారు వలదని చెప్పనిచో, విద్యుత్తు ఉంచియే మార్చుట. చిప్పు అంగడిలో మరల దొరకును. అందులోని జ్ఞాపకము దొరకదు.

ఇక మొదటి కథలోని ప్రయోగశాలకు మరలుదము. ఆ కిట్టులోని పాత 6264 అసలు చెడనే లేదేమో. సాకెట్టులోని ధూళియే దానికి చెడ్డపేరు తెచ్చినదేమో. శుభ్రము చేసి, 251తో పరీక్షించిన నిమిషములో తేలిపోవును. నిజముగనే చెడినచో 62256ను పెట్టి, 1వ కాలిని 14వ కాలికి కలిపిన చాలును. ఆ తరువాత పంకా వేసినను, ఆపినను విద్యార్థి ఎక్కించిన కూడిక ఎక్కించినట్లే నిలిచియుండును.